ముక్కు మీద నల్లచుక్కలా? గిల్లకండి, గీకకండి!

మొటిమ వస్తే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. బ్లాక్‌హెడ్ అలా కాదు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లకి తెలియనే తెలియదు. అద్దానికి ముఖం ఆనించి చూసుకునే మనకే తెలుస్తుంది. ముక్కు పక్కల, గడ్డం మీద, నుదుటి మీద ఆవగింజలో పావు వంతు కూడా ఉండని నల్లటి చుక్కలు! అవి కంటపడ్డాక ఇక చేతులు ఊరుకోవు. గోళ్లతో నొక్కేవాళ్లు కొందరు, గాజులకున్న పిన్నీసు తీసి పొడిచేవాళ్లు కొందరు, పీచుతో గరగరా రుద్దేవాళ్లు ఇంకొందరు. ఇంట్లో పెళ్లి పది రోజులుందనగా పార్లర్‌కి పరుగెత్తి "అన్నీ తీసెయ్యమ్మా" అని కూర్చునేవాళ్లూ ఉన్నారు.

నిజానికి బ్లాక్‌హెడ్ వల్ల ప్రమాదమేమీ లేదు. నొప్పి ఉండదు, చీము ఉండదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దాన్ని పీకెయ్యాలన్న తొందరతోనే తంటా అంతా. మనది చామనఛాయ చర్మం. గిల్లినచోట కాస్త వాచినా చాలు, అక్కడ రంగు ఎక్కువగా ఊరి గోధుమరంగు మచ్చ పడుతుంది. చుక్క కొద్దిరోజుల్లో ఎలాగూ మళ్లీ వస్తుంది, మచ్చ మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది. ఈ లెక్క ముందు తెలిస్తే సగం ముఖాలు బాగుపడతాయి.

ఆ నలుపు మురికి కాదు

మన చర్మం మీద ప్రతి వెంట్రుక కుదురుకీ ఆనుకుని ఒక చిన్న తైలగ్రంథి ఉంటుంది. అందులో ఊరే నూనెని సెబమ్ అంటారు. చర్మం ఎండిపోకుండా కాపాడేది అదే. కుదురు లోపలి గోడల నుంచి మృతకణాలు ఎప్పుడూ రాలుతూ ఉంటాయి. మామూలుగా అయితే అవి నూనెతో పాటు బయటికి కొట్టుకొచ్చేస్తాయి. కొందరిలో అలా రాకుండా ఒకదానికొకటి అతుక్కుని, నూనెతో కలిసి ముద్దగా మారి సీసా మూతికి బిరడా పెట్టినట్టు అడ్డుపడతాయి. పైన చర్మం మూసుకుని ఉంటే చర్మం రంగులోనే చిన్న పొక్కులా కనిపిస్తుంది. అది వైట్‌హెడ్. పైన తెరుచుకుని ఉంటే అదే బ్లాక్‌హెడ్.

మరి నలుపెక్కడిది? ఆ బిరడా పైభాగానికి గాలి తగులుతుంది. తరిగిన వంకాయ ముక్కని నీళ్లలో వెయ్యకుండా వదిలేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా! ఇదీ అలాంటిదే. అందులోని నూనె, మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గాలి తగిలి నల్లబడతాయి. అంతేగానీ దుమ్మూ ధూళీ పోయి కూర్చున్నవి కావు. మురికే అయితే సబ్బుతో కడిగితే పోవాలిగా? రోజుకి ఐదుసార్లు ముఖం కడిగేవాళ్లకి కూడా ఇవి ఉండేది అందుకే. "ముఖం శుభ్రంగా కడుక్కోవే" అని ఈడొచ్చిన పిల్లల్ని కసురుకోవడం ఇకనైనా మానేద్దాం. పాపం, వాళ్ల తప్పేం లేదు. ఆ వయసులో హార్మోన్లు పెరిగి నూనె ఎక్కువగా ఊరుతుంది. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంకో సంగతి. ముక్కు మీద దగ్గర దగ్గరగా, అన్నీ ఒకే సైజులో, నలుపు కాకుండా బూడిదరంగులో కనిపించే చుక్కలు చాలామందికి ఉంటాయి. వాటినే బ్లాక్‌హెడ్స్ అనుకుని బాధపడేవాళ్లు ఎందరో. అవి బ్లాక్‌హెడ్స్ కావు, నూనె బయటికి రావడానికి ఉన్న మామూలు దారులు. నొక్కితే సన్న సేమ్యాలాంటి తెల్లటి పోగు వస్తుంది. నెల తిరక్కుండానే మళ్లీ నిండిపోతుంది. అవి ఉండాల్సినవే, జబ్బు కాదు. ముక్కుకి అంటించి లాగే పట్టీలతో వచ్చేవి చాలావరకు ఇవే! పట్టీ వెనక అవి అంటుకోవడం చూస్తే మనకి తృప్తిగా ఉంటుంది గానీ అసలు బిరడా కింది భాగం లోపలే ఉండిపోతుంది.

నుదుటి మీద వస్తుంటే తలనూనెని చూడండి

వెంట్రుకలు మొదలయ్యే గీత వెంట, నుదుటి మీద, కణతల దగ్గర సన్నటి పొక్కులు, నల్లచుక్కలు వరసగా ఉంటే క్రీముల కోసం వెతక్కండి, ముందు నూనె సీసా వైపు చూడండి. తలకి రాసుకునే జిడ్డు పదార్థాలు నుదుటి మీదికి దిగి కుదుళ్లని మూసేస్తాయని అమెరికాలోని చర్మ వైద్యులు 1970లోనే రాశారు. 1972లో ఆల్బర్ట్ క్లిగ్మన్, మిల్స్ అనే ఇద్దరు ముఖానికి పూసుకునే క్రీముల వల్ల కూడా ఇలా వస్తుందని చెప్పి, దానికి ఒక పేరు కూడా పెట్టారు. కుదుళ్లని మూసేసే స్వభావం ఎక్కువున్న నూనెల్లో మనం ఇష్టంగా వాడే కొబ్బరినూనె ఒకటి.

అలాగని కొబ్బరినూనె మానెయ్యమని ఎవరంటారు? జుట్టుకి అది మంచిదే. కాకపోతే పాపిట నుంచి కారేలా, నుదుటి మీద మెరిసేలా పట్టించడం, మిగిలిన చేతి నూనెని ముఖానికి రాసేసుకోవడం, అలాగే పడుకోవడం మంచిది కాదు. వెంట్రుకలు మొదలయ్యే చోటికి ఒక అంగుళం ఇవతలే ఆపండి. రాత్రి రాసి పొద్దున తలంటుకునే బదులు, తలంటుకి గంట ముందు రాసుకుంటే చాలు. పిల్లలకి జడలు వేసేటప్పుడు నుదుటి మీద పడ్డ నూనెని తడి గుడ్డతో అద్ది తీసెయ్యండి. దిండు గలీబుల్ని వారానికి రెండుసార్లయినా మార్చండి. ఆ గలీబుకి పట్టిన నూనె రాత్రంతా చెంపకి అంటుతూనే ఉంటుంది. మొటిమలున్న పిల్లకి విడిగా ఒక దిండు ఇస్తే ఇంకా మంచిది. తలస్నానం చేసేటప్పుడు షాంపూని, కండిషనర్‌ని ముందు కడిగేసి ఆ తర్వాత ముఖం కడుక్కుంటే వాటి జిడ్డు కూడా మిగలదు.

వంటింటి సెగ కూడా ఉందండోయ్. బూరెలో గారెలో వేయించి లేచాక ముఖం మీద సన్నటి నూనె పొర ఉంటుంది. చీర చెంగుతో గట్టిగా తుడిచేసుకుంటాం. అదే పనిగా రుద్దితే చర్మం రేగుతుంది. పొయ్యి దగ్గర పని అయ్యాక గోరువెచ్చటి నీళ్లతో ఒకసారి కడుక్కుని, మెత్తటి నూలు గుడ్డతో అద్దుకోండి. అంతే చాలు. వేపుళ్లు తింటే బ్లాక్‌హెడ్స్ వస్తాయా అంటే, తిన్న నూనె నేరుగా ముక్కు మీదికి రాదు. తీపి, మైదా ఎక్కువైతే మాత్రం కొందరిలో మొటిమలు పెరుగుతున్నట్టు పరిశోధనల్లో తేలింది.

నిమ్మచెక్క, వంటసోడా, టూత్‌పేస్టు...

ఎవర్ని అడిగినా ఒక చిట్కా చెబుతారు. వంటింట్లో ఉన్నది కదా, ఏం నష్టంలే అనుకుంటాం. నష్టం ఉంది! మన చర్మం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ సుమారు 5. నిమ్మరసం పీహెచ్ 2 చుట్టుపక్కల ఉంటుంది, అంటే బాగా ఘాటు. పైగా నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి బొబ్బలెక్కి, తర్వాత నల్లమచ్చలు పడతాయి. వంటసోడా దానికి పూర్తిగా వ్యతిరేకం. క్షారగుణంతో చర్మం పై పొరని పొడిబార్చి పగలగొడుతుంది. రెండూ కలిపి నురగలొస్తుంటే ఏదో పని చేస్తోందనుకోవడం మన భ్రమ. టూత్‌పేస్టు పళ్ల కోసం చేసినది, ముఖానికి మంటే మిగులుతుంది.

పంచదార, బొంబాయి రవ్వ, వాల్‌నట్ పొడి వేసిన స్క్రబ్బులు కూడా అంతే. బిరడా ఉండేది కుదురు లోపల, మనం గీకేది పైన. రుద్ది రుద్ది ముక్కు ఎర్రబడితే శుభ్రపడినట్టు కాదు, గాయపడినట్టు. కోడిగుడ్డు తెల్లసొన మీద టిష్యూ కాగితం అంటించి ఎండాక లాగడం వల్ల సన్న వెంట్రుకలు ఊడతాయి, చర్మం మండుతుంది. గుడ్డు అట్టు వేసుకోవడం మేలు!

మరి మన సున్నిపిండి? పెసరపిండో శనగపిండో మెత్తగా జల్లించి, నీళ్లతోనో మజ్జిగతోనో పలచగా కలిపి, రుద్దకుండా రాసి కడిగేసుకుంటే జిడ్డు పోతుంది. సబ్బుకి బదులుగా బాగానే ఉంటుంది. అయితే బ్లాక్‌హెడ్‌ని కరిగించే శక్తి దానికి లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. నలుగు పిండిలో కచ్చూరాలతో పాటు బావంచాలు కూడా వేయించడం చాలా ఇళ్లలో అలవాటు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది రాసుకున్న చర్మం ఎండకి ఇట్టే కమిలిపోతుంది. బొల్లి మచ్చల మీద రంగు రప్పించడానికి వాటిని వాడేది ఆ గుణం వల్లే. కాబట్టి ముఖానికి వాడే పిండిలో బావంచాలు లేకుండా మర పట్టించుకోండి.

ఆవిరి పట్టడం గురించి కూడా ఒక మాట. వెచ్చదనానికి చర్మం మెత్తబడి హాయిగా ఉంటుందేగానీ ఆవిరి ఒక్కటే బిరడాని బయటికి తేలేదు. మరిగే గిన్నె మీదికి వంగి దుప్పటి కప్పుకుంటే కాలే ప్రమాదం ఉంది. చెంపల మీద మంగు ఉన్నవాళ్లకి వేడి తగిలితే అది ఇంకా నల్లబడుతుంది. వాళ్లు అసలు పట్టకూడదు.

నిజంగా పనిచేసేవి

ముందు కడుక్కునే పద్ధతి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి. ఒంటిసబ్బుల్లో చాలావాటికి పీహెచ్ 9, 10 ఉంటుంది. బోరు నీళ్లలో అయితే ఆ సబ్బు విరిగి తెట్టులా ముఖానికే అంటుకుంటుంది. ముఖానికి ఘాటు లేని ఫేస్‌వాష్ వాడటం మంచిది.

ఆ తర్వాత సాలిసిలిక్ యాసిడ్. పేరు చూసి భయపడకండి. ఇది నూనెలో కరిగే గుణం ఉన్నది, అందుకని జిడ్డుతో నిండిన కుదురు లోపలికి దిగి అతుక్కున్న మృతకణాలని విడదీస్తుంది. అర శాతం నుంచి 2 శాతం వరకు ఉన్న ఫేస్‌వాష్‌లు, లోషన్లు దొరుకుతాయి. కడిగేసుకునే దానికంటే రాసి ఉంచుకునేది బాగా పని చేస్తుంది. మొదట వారానికి రెండు మూడు రాత్రులు రాసి చూడండి. మంట, పొట్టు లేకపోతే రోజూ రాయొచ్చు. ఆస్పిరిన్ పడనివాళ్లు దీన్ని వాడకూడదు.

దానితో తగ్గకపోతే అడపాలిన్ అనే జెల్ ఉంది. విటమిన్-ఎ కుటుంబానికి చెందిన మందు ఇది. కుదురు గోడల్లో కణాలు అతుక్కోకుండా చూస్తుంది, అంటే చుక్క పుట్టకముందే ఆపుతుంది. డాక్టరుకి చూపించి, చీటీ రాయించుకుని వాడాల్సినది. చాలామంది దీన్ని నల్లచుక్క మీద మాత్రమే బొట్టులా పెట్టి "పని చెయ్యలేదు" అంటారు. అలా కాదు, రాత్రిపూట ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత జెల్ తీసుకుని కళ్లు, పెదవులు, ముక్కు మూలలు వదిలి ముఖమంతా పలచగా రాయాలి. మొదటి రెండు మూడు వారాలు ఎర్రబడటం, పొట్టు లేవడం, ఒక్కోసారి మొటిమలు పెరిగినట్టు అనిపించడం మామూలే. అప్పుడు రోజు విడిచి రోజు రాసుకోవచ్చు. పైన మామూలు మాయిశ్చరైజర్ కూడా రాసుకోవచ్చు. ఫలితం 8 నుంచి 12 వారాల్లో కనిపిస్తుంది. కళ్యాణానికి పది రోజుల ముందు మొదలుపెట్టే మందు కాదు ఇది, సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడే మొదలుపెట్టాల్సింది!

ఇక్కడ కొన్ని విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అడపాలిన్ వాడకూడదు. పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడిగాకే వాడాలి. ఇది వాడే రోజుల్లో పైపెదవికో చెంపలకో వ్యాక్సింగ్ చేయిస్తే చర్మం ఊడి వస్తుంది. అందుకని పార్లర్‌లో ముందే చెప్పాలి. పగలు బయటికి వెళితే ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ తప్పనిసరి. మందపాటి క్రీము కాకుండా జెల్ రకం, డబ్బా మీద నాన్ కామెడోజెనిక్ అని రాసి ఉన్నది చూసి తీసుకోండి. కుదుళ్లని మూసెయ్యదని దానర్థం. ఫౌండేషన్‌కీ ఇదే మాట.

పార్లర్‌కి వెళితే

క్లీనప్ పేరుతో ఆవిరి పట్టించి, చివర చిన్న చుట్టు ఉన్న లోహపు కడ్డీతో నొక్కి తీస్తారు. తెలిసినవాళ్లు సున్నితంగా తీస్తే చుక్క వెళుతుంది, కొద్దివారాల్లో తిరిగి వస్తుంది. ఇది ఎప్పుడో ఒకసారి సోకుగా చేయించుకునేదేగానీ చికిత్స కాదు. చర్మ వైద్యుల దగ్గర కూడా ఇదే పని చేస్తారు, అక్కడ పరికరాల శుభ్రత మీద భరోసా ఎక్కువ. పార్లర్‌లో అయితే మొహమాటపడకుండా అడగండి, కడ్డీని ఎలా శుభ్రం చేశారని. సూదితో పొడిచేట్టయితే మీ కళ్లముందు కొత్త సూది విప్పాలి. రక్తం అంటిన సూది ద్వారా హెపటైటిస్-బి లాంటివి పాకుతాయి. చీము పట్టిన మొటిమని మాత్రం ఎవరినీ నొక్కనివ్వకండి. ముక్కు మొదలు నుంచి పెదవుల చివర్ల దాకా ఉన్న ప్రాంతంలోని రక్తనాళాలకి మెదడు అడుగున ఉండే సిరలతో సంబంధం ఉంది. అక్కడ చీము ముదిరితే అరుదుగానైనా ప్రాణం మీదికి వస్తుంది.

బ్లీచ్ చేయిస్తే బ్లాక్‌హెడ్స్ పోతాయని కూడా చెబుతుంటారు. అందులోని పెరాక్సైడ్ చుక్క పైన ఉన్న రంగుని తెలుపు చేస్తుంది. బిరడా ఎక్కడిదక్కడే ఉంటుంది. నాలుగు రోజుల్లో మళ్లీ నల్లగా కనిపిస్తుంది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు

గిల్లడం వల్ల మచ్చ పడింది. మచ్చ కోసం మందుల షాపుకి వెళ్లి "ముఖం మీద మచ్చలకి ఏదైనా ఇవ్వండి" అంటాం. ఒక ట్యూబు ఇస్తారు. వారంలో ముఖం నున్నగా, తెల్లగా అవుతుంది. పక్కింటి వదినకి, చెల్లెలికి మనమే చెబుతాం. ఆ ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఇవి స్టెరాయిడ్లు. కొన్ని జబ్బులకి డాక్టరు లెక్కగట్టి కొద్దిరోజులు ఇచ్చే మంచి మందులే. ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి పూస్తే మాత్రం చర్మం కాగితంలా పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, చెంపల మీద వెంట్రుకలు పెరుగుతాయి, ముఖమంతా పొక్కులు లేస్తాయి. రాయడం ఆపగానే ముఖం మండి ఎర్రబడుతుంది. ఆ భయంతో మళ్లీ రాస్తారు. ఇదొక వ్యసనం.

ఈ గోల మన దేశంలో ఎంత పెరిగిందంటే, చర్మ వైద్యుల పోరు మీద 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు, అడిగేవాళ్లమూ ఉన్నాం. ఇప్పటికే నెలల నుంచి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేసి ఇంట్లో బాధపడకండి. ట్యూబుని చేతిలో పట్టుకుని నేరుగా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. మెల్లగా తప్పించే పద్ధతి వాళ్లకి తెలుసు.

ఎప్పుడు చూపించుకోవాలి?

రెండు మూడు నెలలు శ్రద్ధగా వాడినా చుక్కలు తగ్గకపోతే, పెద్ద గడ్డల్లాంటి మొటిమలు లేస్తుంటే, గుంటలు పడుతుంటే ఆలస్యం చెయ్యొద్దు. పెళ్లయి పిల్లలున్న వయసులో కొత్తగా గడ్డం, దవడ చుట్టూ మొటిమలు మొదలై, నెలసరి గాడి తప్పి, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే అది ముఖం సమస్య మాత్రమే కాకపోవచ్చు. పీసీఓఎస్ ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.

ఆడపిల్లలున్న తల్లులకి ఒక్క మాట. చుట్టాలందరి ముందూ "ఏమిటే ముక్కు మీద ఆ చుక్కలు" అని పిల్ల గడ్డం పట్టుకుని తిప్పి చూడకండి. ఆ వయసులో ఆ ఒక్క మాటకే కాలేజీకి చున్నీ కప్పుకుని వెళ్లేవాళ్లు, రాత్రిళ్లు తలుపేసుకుని ముఖం గిల్లుకునేవాళ్లు ఉంటారు. గిల్లడం అలవాటైపోయి పుండ్లు పడుతున్నా మానలేకపోతుంటే దాన్ని మొండితనం అనుకోకుండా డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పండి.

చివరగా, ఇంట్లో పెద్దవాళ్లని కూడా చూడండి. ఏళ్ల తరబడి పొలంలో ఎండకి పనిచేసిన తాతయ్యలకి, ముఖ్యంగా చుట్టో బీడీయో అలవాటున్నవాళ్లకి, కళ్ల పక్కన కణతల మీద పెద్ద పెద్ద నల్లచుక్కలు గుంపుగా ఉంటాయి. ఏళ్ల ఎండ దెబ్బకి చర్మం సాగి వచ్చేవి అవి. మనవలు ముచ్చటపడి గిల్లడానికి చూస్తారు, గిల్లనివ్వకండి. అవి కూడా డాక్టరు ఇచ్చే విటమిన్-ఎ రకం క్రీములతో నెమ్మదిగా తగ్గుతాయి.